గుల్మార్గ్: మంచు, స్కీయింగ్

శ్రీనగర్‌కు పడమరగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, పీర్ పంజాల్ కొండలు కశ్మీర్ లోయ వైపు దిగే వాలు మీద ఉన్న పచ్చికబయలు గుల్మార్గ్. బారాముల్లా జిల్లాలోది, ఎత్తు 2,650 మీటర్లు. వేసవిలో గోల్ఫ్ మైదానం, గుర్రపు సవారీ, హిందీ సినిమా పాటలు. డిసెంబరు మధ్య నుంచి మార్చి చివరి దాకా మాత్రం ఇది దేశంలో అన్నిటికన్నా ముందుగా చెప్పుకోవలసిన స్కీ కేంద్రం. బయలుకు వెనకగా లేచిన అఫర్వాట్ కొండ 4,200 మీటర్ల దాకా పోతుంది. గొండోలా అని పిలిచే కేబుల్ కారు ఆ కొండ భుజం మీదికి, అంటే ఇంచుమించు 3,950 మీటర్ల ఎత్తుకు, మనుషుల్ని స్కీలతో సహా చేరవేస్తుంది. దేశంలో మరే స్కీ కేంద్రంలోనూ లిఫ్టు అంత ఎత్తుకు పోదు. ఫ్రాన్సులో షామొనీ పట్నం నుంచి ఎగువకు వెళ్ళే పేరుమోసిన కేబుల్ కారు కూడా 3,777 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది.

పర్యాటక ప్రకటనలు దీన్ని ప్రపంచంలోకెల్లా ఎత్తైనదని రాస్తుంటాయి. అది నిజం కాదు. వెనెజులాలోని మెరీదా కేబుల్ కారు 4,765 మీటర్లు ఎక్కుతుంది, చైనాలో ఇంకా పైకి పోయేవి ఉన్నాయి. గుల్మార్గ్‌కు అలాంటి బిరుదుల అవసరం లేదు. ఎముకలు కొరికే చలిలో స్కీలు భుజాన వేసుకుని ఆస్ట్రేలియా నుంచీ, రష్యా నుంచీ, ఐరోపా నుంచీ మనుషులు వస్తున్నది కేబుల్ కారు కోసం కాదు, దాని కింద పరుచుకున్న మంచు కోసం.

ఆ మంచు గురించి కొత్తవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఎన్ని అడుగులు పడింది? అక్కడే పుట్టి పెరిగిన గైడ్లు, పగలూ రాత్రీ కొండను కాచే గస్తీ సిబ్బంది అడిగేది వేరు. ఏ వరుసలో పడింది? మొదటి మంచు ఎప్పుడు పడింది, తర్వాత ఎన్నాళ్ళు ఆకాశం తేటగా ఉంది, గాలి ఎటు నుంచి వీచింది, ఆపైన ఎంత బరువు వచ్చి కూర్చుంది? స్కీ కింద మంచు హాయిగా జారడమూ, మనిషిని మింగడమూ ఈ లెక్క మీదే ఆధారపడి ఉంటాయి.

మబ్బు ఎక్కడిది?

తెలుగు నేలకు వాన తెచ్చే నైరుతి రుతుపవనాలకూ గుల్మార్గ్ శీతాకాలానికీ ఏ సంబంధమూ లేదు. ఇక్కడి మంచంతా మధ్యధరా సముద్రం వైపు నుంచి, ఇరాన్, అఫ్ఘానిస్తాన్‌ల మీదుగా వచ్చే పశ్చిమ అలజడులది. వాతావరణ శాఖ వారు వెస్టర్న్ డిస్టర్బెన్స్ అనేది వీటినే. శీతాకాలంలో ఎత్తున వీచే పడమటి జెట్ ప్రవాహం దక్షిణంగా జరిగి, ఈ అల్పపీడనాలను ఒకదాని వెనక ఒకటిగా హిమాలయాల మీదికి తోస్తుంది. మధ్యధరా, కాస్పియన్ సముద్రాల తేమకు దారిలో అరేబియా సముద్రపు తేమ కూడా తోడవుతుంది. కశ్మీర్ లోయలోకి అడుగుపెట్టే ముందు వీటికి అడ్డం తగిలే గోడ పీర్ పంజాల్. గోడ ఎక్కే మేఘం చల్లబడి బరువు దించుకుంటుంది. శ్రీనగర్‌లో సన్నటి జల్లు పడుతున్న పూట గుల్మార్గ్‌లో మోకాలిలోతు మంచు పడటం అందుకే.

డిసెంబరు 21న మొదలై జనవరి చివరి దాకా సాగే నలభై రోజుల కరకు చలిని కశ్మీరీలు చిల్లై కలాన్ అంటారు. ఆ వెనక ఇరవై రోజులు చిల్లై ఖుర్ద్, మరో పది రోజులు చిల్లై బచ్చా. ఇది ఊరికే పంచాంగం కాదు. చిల్లై కలాన్‌లో పడ్డ మంచు గట్టిపడి నిలుస్తుంది, ఊటలకూ వాగులకూ వేసవి దాకా నీళ్ళిస్తుంది. ఫిబ్రవరి దాటాక పడింది తొందరగా కరిగిపోతుంది. అఫర్వాట్ నుంచి దిగే నింగ్లీ వాగు చివరికి చేరేది జీలం నదిలోకే. అందుచేత స్కీ దుకాణం నడిపేవాడూ, కింద ఆపిల్ తోటవాడూ, వరి రైతూ ఒకే మబ్బు కోసం ఎదురుచూస్తారు.

ఎత్తు వల్ల ఒకే తుపాను మూడు రకాలుగా పడుతుంది. కొండ మీద ప్రతి వెయ్యి మీటర్లకు ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. గుల్మార్గ్ బయలు దగ్గర సున్నా డిగ్రీలుంటే గొండోలా చివరి స్టేషను దగ్గర సుమారు మైనస్ ఎనిమిది. 500 మీటర్లు దిగువన ఉన్న టంగ్‌మార్గ్‌లో మూడు డిగ్రీలు, అంటే వాన. పైన పడేది పొడిగా, గుప్పిట పడితే నిలవకుండా రాలిపోయే మంచు. బయలు దగ్గర పడేది ఒక్కోసారి తడిబట్టలా బరువుగా ఉంటుంది. కొత్తగా పడ్డ పొడి మంచులో నూటికి అయిదు నుంచి పది పాళ్ళే నీరు, తక్కినదంతా గాలి. స్కీయర్లు పౌడర్ అని కలవరించేది దీన్నే.

ఆల్ప్స్‌తో పోల్చినప్పుడు కనిపించే పెద్ద తేడా ఎండ. గుల్మార్గ్ 34 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఆల్ప్స్ స్కీ కేంద్రాలు 45, 47 డిగ్రీల మధ్య ఉంటాయి. ఫిబ్రవరి మొదట్లో మిట్టమధ్యాహ్నం ఆల్ప్స్‌లో సూర్యుడు దిక్చక్రానికి 27 డిగ్రీల ఎత్తున ఉంటే ఇక్కడ 39 డిగ్రీల ఎత్తున ఉంటాడు. తుపాను వెళ్ళిన మర్నాడే దక్షిణం చూసే వాలు పైపొర కరిగి, రాత్రికి గడ్డకట్టి, పెంకులా తయారవుతుంది. స్కీ దాని మీద గీరుకుంటూ పోతుంది. పగిలితే కాలు లోపలికి దిగబడుతుంది. అఫర్వాట్ ముఖం ఎక్కువగా తూర్పు, ఈశాన్యాలకు తిరిగి ఉండడం గుల్మార్గ్ అదృష్టం. ఉదయపు ఎండ కాసేపు తగిలి తప్పుకుంటుంది, నీడ పట్టున పౌడర్ రోజుల తరబడి నిలుస్తుంది.

పొరల లెక్క

కొండ మీద పేరుకున్న మంచు ఒకే ముద్ద కాదు. నిలువునా తవ్వి చూస్తే పూతరేకు మడత లాంటిది: పలచటి రేకుల మధ్య పంచదార. ప్రతి తుపానూ ఒక రేకు వేసి పోతుంది. మధ్యలో వచ్చే పొడి రోజులు పంచదారను తయారుచేస్తాయి.

నవంబరులోనో డిసెంబరు మొదట్లోనో అడుగు, అడుగున్నర మంచు పడి, తర్వాత మూడు వారాలు మబ్బే లేదనుకోవాలి. నేల పక్కనున్న మంచు సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది. పైపొర మాత్రం తేట రాత్రుల్లో మైనస్ 15కో ఇంకా కిందికో పోతుంది. పొర పలచన కాబట్టి కొద్ది సెంటీమీటర్లలోనే ఇంత తేడా. ఒక మీటరుకు పది డిగ్రీలు మించి తేడా వచ్చినప్పుడు మంచు కణాల్లోంచి ఆవిరి పైకి పాకుతూ, పాత నక్షత్రాకారాలను చెరిపేసి, మొనదేలిన గరుకు స్ఫటికాలను పేర్చుతుంది. వాటికి ఒకదానితో ఒకటి అతుక్కునే గుణం ఉండదు. చేతిలోకి తీసుకుంటే పంచదార పలుకుల్లా జారిపోతాయి. జనవరిలో ఒకేసారి నాలుగడుగుల మంచు వచ్చి ఈ పలుకుల మీద కూర్చుంటే, చూపుకు నిండుగా, స్కీయింగ్‌కు అద్భుతంగా కనిపించే వాలు నిజానికి గోళీల మీద పరిచిన బండ.

ఇదే మంచు డిసెంబరు మొదటి వారంలోనే మందంగా పడి ఉంటే కథ మారేది. మందమైన దుప్పటిలో ఉష్ణోగ్రత తేడా లోతంతా నెమ్మదిగా పరుచుకుంటుంది, కణాలు గుండ్రబడి ఒకదానికొకటి అతుక్కుంటాయి. మొత్తం లోతు రెండు సందర్భాల్లోనూ ఒకటే కావచ్చు. కొండ మాత్రం ఒకటి కాదు.

గాలి ఈ లెక్కను ఇంకా చిక్కుపెడుతుంది. శిఖరరేఖకు పడమటి పక్కన ఉన్న మంచును ఊడ్చి తూర్పు పక్కన పోస్తుంది. ఆకాశం నుంచి మంచు పడే వేగం కన్నా గాలి మోసుకొచ్చి పోసే వేగం ఎన్నో రెట్లు ఎక్కువ ఉండగలదు. గాలి విరగ్గొట్టిన కణాలు దగ్గరదగ్గరగా సర్దుకుని గట్టి పలకలా తయారవుతాయి. ఇలాంటి పలక ఏర్పడే తూర్పు వాలే స్కీయింగ్‌కు అందరూ కోరుకునే వాలు. గుల్మార్గ్ అందమూ ప్రమాదమూ ఒకే చోట కాపురముంటాయి.

కొండ మీద దారులు

గొండోలా రెండు అంచెలది. మొదటిది బయలు నుంచి 3,080 మీటర్ల చుట్టూ ఉన్న కోంగ్‌డోరి గిన్నెలోకి. రెండోది అక్కడి నుంచి అఫర్వాట్ భుజానికి. మధ్యలో మేరీ షోల్డర్ అనే వాలు మీద ఒక చెయిర్ లిఫ్టు ఉంది. బయలులోనే చిన్న చిన్న మిట్టల మీద తాడు లాగే లిఫ్టులుంటాయి. మొదటిసారి స్కీ కట్టేవాళ్ళు పడుతూ లేస్తూ నేర్చుకునేది అక్కడే.

ఐరోపా కేంద్రాలకు అలవాటుపడ్డవాళ్ళు ఇక్కడ ముందుగా గమనించేది దారుల కరవు. రాత్రిపూట యంత్రాలతో దున్ని, చదును చేసి, రంగు కర్రలు పాతిన స్కీ బాటలు ఇక్కడ చాలా తక్కువ. కోంగ్‌డోరి నుంచి దిగే బాట, మిట్టల దగ్గర కొన్ని. మిగతా కొండంతా పడ్డది పడ్డట్టే ఉంటుంది. గొండోలా కింది ప్రధాన గిన్నెను స్కీ గస్తీ బృందం పరిశీలించి తెరుస్తుంది. దాని హద్దు దాటి శిఖరరేఖ వెంబడి ఎడమకో కుడికో అడ్డంగా నడిచి వెళ్తే ఒకదాని పక్కన ఒకటిగా గిన్నెలూ గండ్లూ వస్తూనే ఉంటాయి. అక్కడ మంచుకు హామీ ఇచ్చేవాళ్ళెవరూ లేరు. నియంత్రణ రేఖ కూడా దగ్గరే. ఎటు పడితే అటు దిగడానికి సైన్యం ఒప్పుకోదు.

చెట్లు మొదలయ్యేది దిగువన. పైన మెలికలు తిరిగిన భూర్జ వృక్షాలు, ఇంకా కిందికి నిటారైన ఫర్, పైన్ చెట్ల అడవి. మబ్బు కమ్మి పైన ఏమీ కనబడని రోజున, రెండో అంచె గాలికి ఆగిపోయిన రోజున, అడవే దిక్కు. తెల్లటి మంచులో తెల్లటి మబ్బు కలిసిపోతే నేల ఎక్కడుందో కంటికి తెలియదు. చెట్ల మానులే కొలకర్రలు. మంకీ హిల్ అని పిలిచే అడవి వాలు ఇలాంటి రోజుల్లో నిండిపోతుంది. ఆ పేరు కోతుల వల్ల వచ్చిందేమో గాని, అక్కడ స్కీయర్లను చెట్ల మీంచి చూసేది మాత్రం నిజంగానే కోతులు.

మంచు కిందిదాకా ఉన్న రోజుల్లో గుల్మార్గ్‌ను దాటి దిగిపోవడం ఇక్కడి ప్రత్యేకమైన సరదా. బాబా రేషీ దర్గా వైపో, డ్రంగ్ వైపో, టంగ్‌మార్గ్‌కో అడవి గుండా స్కీల మీద జారి, రోడ్డు తగిలిన చోట జీపు ఎక్కి వెనక్కి రావడం. అఫర్వాట్ భుజం నుంచి టంగ్‌మార్గ్ దాకా దిగితే 1,800 మీటర్ల నిలువు దిగుడు. ఆల్ప్స్‌లోని పెద్ద పెద్ద కేంద్రాల్లోనూ ఇంత దిగుడు ఒక్క ఊపున దొరికే చోట్లు కొన్నే.

రెండో అంచె తెరిచే పొద్దు గుల్మార్గ్‌లో పండగ లాంటిది. పెద్ద తుపాను తర్వాత ఒకటి రెండు రోజులు పైఅంచె మూసే ఉంటుంది: గాలి, ఎదురుగా ఏమీ కనబడకపోవడం, మంచు చరియల భయం. గస్తీ వాళ్ళు పైకి వెళ్ళి చూసి సరేనన్న గంటలోపే గిన్నెలో ముట్టని మంచు అనేది మిగలదు. ఆ పూట వెడల్పాటి స్కీలున్నవాడే రాజు. లోతు మంచులో తేలడానికి వాడే స్కీలు నడుము దగ్గర 110 మిల్లీమీటర్లు, అంతకు పైన వెడల్పుంటాయి. పాతిన కర్రల మధ్య మెలికలు తిరుగుతూ దిగే స్లాలం పందేలకు వాడేవి 65 మిల్లీమీటర్ల చుట్టూ. సన్నటి స్కీల మీద అలవాటైన బరువంతా బయటి కాలి మీద వేసే పద్ధతి పౌడర్‌లో పనికిరాదు. ఆ కాలు మునిగిపోతుంది. రెండు కాళ్ళూ దగ్గరగా, బరువు సమంగా, మలుపు నింపాదిగా. పడితే దెబ్బ తగలదు గాని, ఊడిన స్కీని మంచులో వెతకడానికి అరగంట పట్టవచ్చు.

మార్చిలో కొండ స్వభావమే మారుతుంది. పగలు కరిగి రాత్రి గట్టిపడే మంచు గుండ్రటి గింజలు కడుతుంది. పొద్దున ఎనిమిదింటికి గాజులా ఉండి, పదింటికి పై అంగుళం మెత్తబడి స్కీకి వెన్నలా లొంగి, మధ్యాహ్నానికి బురదవుతుంది. ఆ రెండు గంటలను అందుకోవడానికి కొండ గడియారం తెలిసిన గైడు కావాలి.

చరియలు

మంచు చరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద. ఇంతకన్నా నిటారైతే మంచు నిలవకుండా ఎప్పటికప్పుడు రాలిపోతుంది, వాలు తక్కువైతే కదలదు. స్కీయర్లు ఇష్టపడే వాలూ సరిగ్గా ఇదే. ప్రాణాలు తీసేవి చాలావరకు పలక చరియలు: అడుగు పొర తెగి, పైనున్న గట్టి పలక మొత్తం ఒక్కసారిగా జారుతుంది. ఇలాంటి మరణాల్లో అత్యధిక భాగం, చనిపోయినవాళ్ళో వాళ్ళ బృందంలోనివాళ్ళో స్వయంగా తెంపిన చరియల వల్లే జరిగాయని వివిధ దేశాల లెక్కలు చెబుతున్నాయి. కాలి కింద గుభీమన్న బరువైన శబ్దం, స్కీ కొస నుంచి పాకే పగులు కనిపిస్తే అది కొండ ఇచ్చే ఆఖరి నోటీసు.

పూడిపోయిన మనిషికి మొదటి పది పదిహేను నిమిషాలే కీలకం. ఆ లోపు తవ్వి తీస్తే బతికే అవకాశం చాలా ఎక్కువ. అరగంట దాటితే అది మూడో వంతు దగ్గరికి పడిపోతుంది. ఊళ్ళోంచి సహాయం వచ్చేలోపే ఈ సమయం గడిచిపోతుంది కాబట్టి పక్కనున్నవాళ్ళే తవ్వాలి. అందుకు ప్రతి ఒక్కరి ఒంటి మీద 457 కిలోహెర్ట్జ్‌లో సంకేతం పంపే ట్రాన్స్‌సీవర్, సంచిలో మడతపెట్టే పొడవాటి కడ్డీ, పార ఉండాలి. ముగ్గురికి ఒకటి ఉంటే చాలదు.

గుల్మార్గ్‌కు ఈ పాఠం ఖరీదుగానే అబ్బింది. 2010 ఫిబ్రవరి 8న ఖిలన్‌మార్గ్ వాలుల్లో శిక్షణలో ఉన్న సైనికుల మీద చరియ పడి పదిహేను మందికి పైగా చనిపోయారు. మంచులో తిరగడం నేర్పే బడిలోని జవాన్లే వాళ్ళు. 2023 ఫిబ్రవరి 1న అఫర్వాట్ మీద హపత్‌ఖుద్ దగ్గర ఇద్దరు పోలండ్ స్కీయర్లు పోయారు, మరో 19 మంది విదేశీయుల్ని రక్షించారు. 2024 ఫిబ్రవరి 22న ఒక రష్యన్ స్కీయర్ మరణించాడు. ఈ చివరి సంఘటనకు ముందున్న నెలల వరుస గుర్తుంచుకోదగ్గది: ఆ ఏడు జనవరి చాలా భాగం గుల్మార్గ్ బయలు గోధుమరంగు గడ్డితో బోసిగా ఉంది. మంచు జనవరి చివర్లో మొదలై, ఫిబ్రవరిలో దట్టంగా వచ్చింది.

చరియల ముందస్తు హెచ్చరికలు ఇచ్చేది చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీజీఆర్ఈ. మనాలిలో 1969 నుంచి మంచును చదువుతూ వచ్చిన సాసే సంస్థను 2020లో మరో సంస్థతో కలిపి దీన్ని ఏర్పాటు చేశారు. ఒకటి నుంచి అయిదు దాకా అంకెల్లో ప్రమాదస్థాయి చెబుతారు. ఎక్కువమంది పొరబడేది మూడో అంకె దగ్గర. అయిదు అంటే ఎవరూ కదలరు. మూడు అంటే మధ్యస్థమే కదా అనిపిస్తుంది. ప్రాణాలు ఎక్కువగా పోయేది ఆ రోజుల్లోనే.

స్కీలు వచ్చిన దారి

ఇక్కడ స్కీలు కట్టినది మొదట బ్రిటిష్ అధికారులు. 1927లో స్కీ క్లబ్ ఆఫ్ ఇండియా గుల్మార్గ్‌లో పుట్టింది. క్రిస్మస్‌కు ఒకసారి, ఈస్టర్‌కు ఒకసారి కలిసేవారు. లిఫ్టు లేదు, పొద్దున్నంతా ఎక్కడం, మధ్యాహ్నం పది నిమిషాల్లో దిగడం. 1948లో, కశ్మీర్ యుద్ధం నడుస్తున్న కాలంలోనే, 19వ పదాతి డివిజన్ తన సైనికుల కోసం ఇక్కడ స్కీ స్కూలు తెరిచింది. హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్‌గా ఎదిగినది అదే. దేశం స్కీయింగ్ నేర్చింది హోటళ్ళ వల్ల కాదు, సైన్యం వల్ల అనడం అతిశయోక్తి కాదు. 1960ల్లో ప్రభుత్వం మంచు ఆటలకు తగిన చోటు వెతకమని ఆస్ట్రియా మాజీ ప్రపంచ విజేత రుడాల్ఫ్ మాట్‌ను పిలిస్తే ఆయన వేలు పెట్టింది గుల్మార్గ్ మీద. ఆ దశాబ్దం చివర్లో శిక్షకులను తయారుచేసే కేంద్రప్రభుత్వ సంస్థ వచ్చింది.

1980ల్లో స్విట్జర్లాండ్ స్కీయర్ సిల్వాన్ సోదాన్ హెలికాప్టర్‌లో శిఖరాలకు తీసుకువెళ్ళి దింపే స్కీయింగ్‌ను కశ్మీర్‌కు తెచ్చాడు. గొండోలా పని కూడా ఆ దశాబ్దం చివర్లోనే ఫ్రెంచి సంస్థ పోమగాల్స్కీ చేతిలో పెట్టారు. అంతలో లోయ తుపాకుల పాలైంది. పని ఆగింది, విదేశీయులు వెళ్ళిపోయారు. మొదటి అంచె 1998లో, రెండోది 2005లో నడవడం మొదలుపెట్టాయి. రెండో అంచెతోనే గుల్మార్గ్ పేరు ప్రపంచ స్కీయర్ల నోట పడింది. అంతకు ముందు ఒక రోజంతా నడిస్తే అందే వాలు ఇప్పుడు అరగంట లోపు అందుతోంది. 2017 జూన్ 25న గాలికి కూలిన చెట్టు తీగ మీద పడి, కేబిన్ రాలి ఏడుగురు చనిపోవడం ఈ గొండోలా చరిత్రలో చేదు రోజు.

ఒలింపిక్ దారి దుబాయ్ మీదుగా

శీతాకాల ఒలింపిక్స్ స్కీయింగ్‌లో భారత్ పేరు తొలిసారి వినిపించింది 1964లో ఇన్స్‌బ్రుక్‌లో, పోలిష్ మూలాలున్న జెరెమీ బుజకోవ్‌స్కీ వల్ల. గుల్మార్గ్ కొండవాళ్ళలో గుల్ ముస్తఫా దేవ్ 1988లో కాల్గరీకి వెళ్ళాడు. 2022 బీజింగ్ క్రీడల్లో దేశం తరఫున పాల్గొన్న ఏకైక క్రీడాకారుడు టంగ్‌మార్గ్ వాసి ఆరిఫ్ ఖాన్. జెయింట్ స్లాలంలో 45వ స్థానం, స్లాలం పూర్తిచేయలేకపోయాడు.

ఆయన అర్హత సాధించిన తీరు చూస్తే గుల్మార్గ్ మంచు గురించి ఒక విచిత్రం బయటపడుతుంది. స్లాలం అర్హత దొరికింది దుబాయ్‌లో, మాల్‌ కప్పు కింద యంత్రాలు కురిపించిన మంచు మీద. జెయింట్ స్లాలం అర్హత మాంటినీగ్రోలో. బీజింగ్ క్రీడలు జరిగిందీ దాదాపు పూర్తిగా కృత్రిమ మంచు మీదే. పందేనికి కావలసింది లోతైన పౌడర్ కాదు. నీళ్ళు పట్టించి బిగించిన, ముప్ఫయ్యో ఆటగాడు దిగేసరికీ గాడి పడని గట్టి నేల. పొడి మంచు రెండో ఆటగాడికే గుంటలు పడిపోతుంది. గుల్మార్గ్‌కు ప్రపంచంలో పేరు తెచ్చిన మంచే గుల్మార్గ్ కుర్రవాడి సాధనకు చాలలేదు. దేశంలో అంతర్జాతీయ ప్రమాణంలో పందెపు బాట నిలకడగా లేకపోవడం వల్ల ఇక్కడి పిల్లలు పై మెట్టు ఎక్కాలంటే ఐరోపాకు పోవాలి. అందుకయ్యే డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు ప్రతిసారీ ఎవరో ఒక దాత పేరే జవాబవుతోంది. ఇది సిగ్గుపడవలసిన విషయం.

స్కీ కట్టనివాళ్ళు

చలికాలంలో గుల్మార్గ్ వచ్చేవాళ్ళలో స్కీయర్లు కొద్దిమందే. హైదరాబాద్, విశాఖ, విజయవాడల నుంచి వచ్చే కుటుంబాలతో సహా ఎక్కువమంది జీవితంలో మొదటిసారి మంచు చూడటానికి వస్తారు. టంగ్‌మార్గ్‌లో చక్రాలకు గొలుసులు కట్టిన బండి మారి, అద్దెకు దొరికే పొడుగు బూట్లూ కోట్లూ తొడుక్కుని పైకి చేరతారు. చెక్క స్లెడ్జి మీద కూర్చోబెట్టి తాడుతో లాగే మనుషులు బయలంతా ఉంటారు. మొదట చెప్పే ధర ఎప్పుడూ నిజమైన ధర కాదు.

ఎత్తును మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. సాధారణంగా 2,500 మీటర్లు దాటాక ఎత్తు జబ్బు మొదలవుతుంది. గుల్మార్గ్ హోటళ్ళే ఆ గీతకు పైన ఉన్నాయి. గొండోలా పై స్టేషను దగ్గర గాలి పీడనం సముద్రతీరంలో ఉన్నదానిలో నూటికి 62 పాళ్ళే. పొద్దున శ్రీనగర్‌లో బయల్దేరి మధ్యాహ్నానికి అక్కడ నిలబడినవాడికి తలనొప్పి, వికారం రావడంలో వింత లేదు. గుండె, ఊపిరితిత్తుల ఇబ్బందులున్నవాళ్ళు మొదటి అంచెతో సరిపెట్టుకోవడం మంచిది. ఇక అతినీలలోహిత కిరణాలు: ప్రతి వెయ్యి మీటర్లకూ సుమారు పదో వంతు పెరుగుతాయి, కొత్త మంచు వాటిలో నూటికి 80 దాకా తిప్పికొడుతుంది. మబ్బుగా ఉందని నల్లకళ్ళద్దాలు తీసేసినవాళ్ళు ఆ రాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టు మంటతో నిద్రపోరు.

రాని మంచు

2020లో మొదలైన ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో మంచు పోటీలకు గుల్మార్గే వేదిక. 2025 పోటీలు ఫిబ్రవరి 22న మొదలవాలి. వాలుల మీద చాలినంత మంచు లేక వాయిదా పడి మార్చి 9 నుంచి 12 వరకు జరిగాయి. ఆ శీతాకాలం హిందూకుష్ హిమాలయాల మొత్తం మీద మంచు నిలకడ సాధారణం కన్నా 23.6 శాతం తక్కువని, 23 ఏళ్ళలో ఇదే అతి తక్కువని కాఠ్‌మాండూలోని ఇసిమోడ్ సంస్థ లెక్కగట్టింది. ఒక్క ఏడాదిని చూసి తీర్పు చెప్పలేం. పశ్చిమ అలజడులు ఏటేటా ఊగిసలాడడం పాత విషయమే. వెచ్చదనం మాత్రం ఒకే దిక్కుకు నడుస్తోంది. వాన మంచుగా మారే గీత పైకి జరిగిన కొద్దీ ముందుగా దెబ్బతినేది 2,650 మీటర్ల బయలు, పిల్లలు స్కీ నేర్చుకునే ఆ చిన్న మిట్టలు. అఫర్వాట్ పైభాగం చివరిదాకా మిగులుతుంది, కానీ అది కొత్తగా నేర్చుకునేవాళ్ళ చోటు కాదు.

ఉత్తరాఖండ్‌లోని ఔలీ పరిస్థితి ఇంతకన్నా ఇరుకు. దాని స్కీ వాలులు 2,500, 3,050 మీటర్ల మధ్యే. 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం అక్కడ కృత్రిమ మంచు యంత్రాలు పెట్టారు, అయినా మంచు లేక ఆ తర్వాత పోటీలు రద్దయిన ఏళ్ళున్నాయి. 2023 జనవరిలో జోషీమఠ్ నేల కుంగి అక్కడి నుంచి పైకి పోయే రోప్‌వే కూడా ఆగిపోయింది. హిమాచల్‌లోని సోలంగ్, నార్కండా, కుఫ్రీ కూడా అదే ఎత్తులో ఉన్నాయి. ఆల్ప్స్ కేంద్రాలు ఈ ఇబ్బందిని మంచు ఫిరంగులతో నెట్టుకొస్తున్నాయి. ఆ యంత్రాలకు గాలి తేమను కూడా లెక్కలోకి తీసుకున్న ఉష్ణోగ్రత మైనస్ రెండుకో అంతకన్నా కిందికో పోవాలి, పక్కనే చెరువంత నీరు ఉండాలి, కరెంటు పోకూడదు. గుల్మార్గ్ రాత్రులకు మొదటి షరతు కష్టం కాదు. రెండో షరతు దగ్గర నింగ్లీ వాగు నీళ్ళ మీద దిగువ రైతుల హక్కు అడ్డం వస్తుంది, మూడో షరతు గురించి కశ్మీర్‌లో ఒక శీతాకాలం గడిపిన ఎవరిని అడిగినా చెబుతారు.